ఓనర్ వచ్చాడు సరే, ఎవరి మాట వింటాడు?

(హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతుందా? వినబడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

నన్ను ఎందుకు పిలిచారో ముందు చెప్పేస్తాను. 2025 అక్టోబర్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది, ఈ హాల్లో ఉన్నవాళ్ళలో చాలామంది గచ్చిబౌలి స్టేడియంలో పసుపు నలుపు కండువా మెడలో వేసుకుని గొంతు పోయేదాకా అరిచినవాళ్ళే, నేనూ అంతే. అప్పట్నుంచి మనవాళ్ళ మధ్య ఒకటే వాదన నడుస్తోంది, డబ్బు పెట్టింది ఓనర్ కదా, ఆయన ఇష్టం, మనం అడగడానికి ఎవరం అని కొందరు, ఇంకొందరేమో మనం లేకపోతే క్లబ్ ఎక్కడిది అని. నేను 2009 నుంచి అయిదేళ్ళు ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్ అనే ఊళ్ళో ఉన్నాను, అక్కడ ఒక క్లబ్ చేతులు మారడం, కొత్త ఓనర్లు పగ్గాలు తమ చేతుల్లోకి తీసుకోవడం, ఊరంతా సందేహపడటం, ఆ సందేహాలన్నీ నిజమవడం, ఇవన్నీ పక్కనే ఉండి చూశాను. పైగా ఆ ఓనర్లు మనవాళ్ళు. అందుకని ఆ కథ చెప్తాను.

బ్లాక్‌బర్న్ అంటే లాంకషైర్‌లో చిన్న ఊరు. లక్ష పైచిలుకు జనాభా, అంతే. ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు, మన దేశానికి వచ్చిన మిల్లు బట్టలో ఎంతో ఆ చుట్టుపక్కల నేసిందే. మనం విదేశీ బట్ట బహిష్కరించినప్పుడు పని పోగొట్టుకున్నవాళ్ళు అక్కడ ఉన్నారు, 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు గాంధీగారు ఆ మిల్లు కార్మికుల్ని చూడ్డానికి పక్కనే ఉన్న డార్వెన్ వెళ్ళారు, వాళ్ళు ఆయన్ని తిట్టలేదు, చుట్టూ చేరి కేకలేసి స్వాగతం చెప్పారు. ఎందుకు చెప్తున్నానంటే బ్లాక్‌బర్న్ రోవర్స్ ఆడే ఈవుడ్ పార్కులో ఒక స్టాండ్ పేరు డార్వెన్ ఎండ్, నేను ఆ స్టాండ్ పేరు మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఫోటోనే, గాంధీగారి చుట్టూ నవ్వుతున్న ఆడవాళ్ళు.

మిల్లులు పోయాయి. మిగిలింది క్లబ్. 1875లో పుట్టింది, 1888లో ఇంగ్లండ్‌లో లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో అదొకటి, ఎఫ్‌ఏ కప్ ఆరు సార్లు గెలిచింది. సగం నీలం సగం తెలుపు జెర్సీ. ఆ తర్వాత చాలా ఏళ్ళు కిందపడి ఉంది, 1991లో జాక్ వాకర్ అనే ఆ ఊరి స్టీల్ వ్యాపారి, చిన్నప్పట్నుంచి ఆ క్లబ్ అభిమాని, తన కంపెనీ అమ్మిన డబ్బు తెచ్చి ఇందులో పెట్టాడు. కెన్నీ డాల్‌గ్లిష్‌ని మేనేజర్‌గా, అంటే టీంని ఆడించే కోచ్‌గా తెచ్చాడు, గోల్స్ కొట్టే ఫార్వర్డ్ షియరర్‌ని కొన్నాడు, 1995 మే 14న ఆఖరి రోజు వీళ్ళు లివర్‌పూల్‌లో 2-1తో ఓడిపోయారు, కానీ మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్ హామ్ దగ్గర డ్రా చేసుకుంది కాబట్టి ప్రీమియర్ లీగ్, అంటే ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగ్, దాని టైటిల్ ఈ చిన్న ఊరికి వచ్చింది. ఆ రోజు గురించి చెప్పమంటే అక్కడ అరవై దాటినవాళ్ళు ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటారు. వాకర్ 2000లో పోయాడు, తర్వాత ఆయన పెట్టిన ట్రస్ట్ నడిపింది, ట్రస్ట్ దగ్గర మునుపటిలా డబ్బు లేదు, కొనేవాళ్ళ కోసం చూస్తూ ఉంది.

2010 నవంబర్‌లో పుణెలోని వెంకీస్ గ్రూప్ కొంది. దాదాపు 2.3 కోట్ల పౌండ్లు, పైన అప్పు కూడా నెత్తిన వేసుకున్నారు. ప్రీమియర్ లీగ్ క్లబ్ కొన్న మొదటి భారతీయ కంపెనీ. మనకి వెంకీస్ అంటే కొత్తేం కాదు, వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టిన బి.వి.రావుగారు తెలుగువాడు, మన ఇళ్ళల్లో పేపర్ తిరగేస్తూ చూసే నెక్ గుడ్ల రేటు, ఆ నెక్ సంస్థ మొదలవడానికి కారణం కూడా ఆయనే, రైతుకి రేటు రావాలని 1982లో అందర్నీ కూడగట్టాడు. కోళ్ళ ఫారం ఉన్న మా బాబాయి ఆయన పేరు చెప్తే ఇప్పటికీ చేతులు జోడిస్తాడు. క్లబ్ కొన్నది ఆయన పిల్లలు, కూతురు అనురాధా దేశాయ్, ఇద్దరు కొడుకులు.

నేను అప్పుడు ప్రెస్టన్‌లో చదువుకుంటున్నాను, అద్దె తక్కువని బ్లాక్‌బర్న్‌లో ఉండేవాణ్ణి. ఆ వార్త వచ్చిన రోజు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. చలిలో, చీకట్లో, ఎవరికీ తెలియని దేశంలో పార్ట్ టైం పని చేసుకుంటున్న కుర్రాడికి, మనవాళ్ళు వచ్చి ఈ ఊరి గుండెకాయ లాంటి క్లబ్ కొన్నారంటే ఎలా ఉంటుంది! మా పక్కింటి పెద్దాయన, రిటైరైన మెకానిక్, యాభై ఏళ్ళుగా సీజన్ టికెట్ ఉన్న మనిషి, గేటు దగ్గర నన్ను ఆపి అడిగాడు, మీ వాళ్ళట కదా, మంచోళ్ళేనా అని. నేను మంచోళ్ళే, బాగా డబ్బున్నోళ్ళు, మీరేం దిగులు పడకండి అన్నాను. ఆయన డబ్బు సంగతి కాదబ్బాయ్ అని, వాళ్ళకి ఫుట్‌బాల్ తెలుసా అన్నాడు. తెలియకపోతే నేర్చుకుంటారు అన్నాను. అప్పుడాయన అన్న మాట నేను ఈ రోజుకీ మర్చిపోలేదు, "సరే, నేర్చుకునేదాకా ఎవర్ని అడుగుతారు?"

నేను మీకు చెప్పాలనుకున్నది మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. ఓనర్ డబ్బు పెడతాడా లేదా, ఏ దేశం వాడు, ఏ వ్యాపారం వాడు, ఇవన్నీ తర్వాత. తనకి తెలియని చోట ఎవర్ని అడుగుతాడు, ఎవరి మాట వింటాడు, ఆయనకి వద్దు సార్ అని చెప్పగలిగేవాడు ఆ బిల్డింగ్‌లో ఒక్కడైనా ఉన్నాడా?

డిసెంబర్ 13న, అంటే కొని నెల కూడా తిరక్కముందే, మేనేజర్ సామ్ అలర్డైస్‌ని తీసేశారు. టీం అప్పుడు 13వ స్థానంలో ఉంది, అంతకు ముందు సీజన్ 10వ స్థానంలో ముగించింది. ఆ ఊరి స్తోమతకి అది మంచి స్థానమే. అలర్డైస్ ఆట అందంగా ఉండదు, బంతిని దూరంగా తన్నడమే ఎక్కువ, అక్కడ కూడా చాలామందికి ఆయనంటే పెద్ద ప్రేమేం లేదు, కానీ పట్టిక అడుగుకి చేరి కింద లీగ్‌కి పడిపోకుండా కాపాడటం ఎలాగో ఇంగ్లండ్‌లో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ. ఆయన స్థానంలో కోచింగ్ స్టాఫ్‌లో ఉన్న స్టీవ్ కీన్‌ని పెట్టారు, ఆయన అంతకు ముందు ఎప్పుడూ ఏ క్లబ్‌కీ మేనేజర్‌గా చెయ్యలేదు. మొదట తాత్కాలికం అన్నారు, తర్వాత సీజన్ చివరిదాకా అన్నారు, ఆ తర్వాత కాంట్రాక్ట్ పొడిగించారు. జనవరిలో బ్రెజిల్ స్టార్ రొనాల్డినోని తెస్తామని మాట వచ్చింది. రొనాల్డినో! ఆ మాట విని కొత్తగా ఫుట్‌బాల్ చూసేవాళ్ళు ఎగిరి గంతేశారు, మా పక్కింటాయన మాత్రం తల పట్టుకున్నాడు, మాకు కావాల్సింది బంతి అడ్డుకునే మిడ్‌ఫీల్డర్, గోల్ కొట్టే ఫార్వర్డ్, వీళ్ళు పోస్టర్ చూసి కొంటున్నారు అని. చివరికి రొనాల్డినో రాలేదు లెండి, బ్రెజిల్ వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరిలో చైర్మన్ జాన్ విలియమ్స్ వెళ్ళిపోయాడు. బయట ఊళ్ళవాళ్ళకి ఇది చిన్న వార్త. అక్కడివాళ్ళకి మాత్రం మేనేజర్‌ని తీసేసినదానికంటే ఇదే పెద్ద దెబ్బ, ఎందుకంటే తక్కువ డబ్బుతో ఆ క్లబ్‌ని ఏళ్ళ తరబడి పైన నిలబెట్టిన మనిషి ఆయన, ఏ ఆటగాడు ఎంతకి వస్తాడు, ఏ ఏజెంట్ మాట నమ్మొచ్చు, ఎవర్ని ఎప్పుడు అమ్మాలి, ఇదంతా ఆయన తలలో ఉండేది.

మన దగ్గర ఊరి గుడికి కొత్త ధర్మకర్త వచ్చాడనుకోండి. బాగా ఉన్నోడు, భక్తి ఉన్నోడే, గోపురానికి రంగులు వేయించాడు, ఫ్లోరింగ్ మార్పించాడు, సంతోషం. కానీ వచ్చిన నెలలో పూజారిని మార్చాడు, లెక్కలు చూసే పెద్దమనిషిని పంపించేశాడు, రథం ఏ వీధి నుంచి తిరగాలో తనే చెప్తున్నాడు, ఊళ్ళో ఒక్క ముసలాయన్ని కూడా అడగలేదు. ఊరు గుసగుసలాడుతుందా లేదా? ఆ గుసగుస ధర్మకర్త మీద కోపం కాదండి. ఆ రథం ఏ మలుపులో ఒరుగుతుందో ఎప్పట్నుంచో లాగుతున్నవాళ్ళకి తెలుసు, కొత్తాయనకి తెలియదు, అదే వాళ్ళ భయం. ఫ్యాన్స్ సందేహం అంటే నాకు అర్థమైంది ఇదే, అది ఊరు ఇచ్చే ఉచిత సలహా, తీసుకుంటే లాభం, తీసుకోకపోయినా వాళ్ళు రేపు మళ్ళీ రథం లాగడానికి వస్తారు.

ఆ సీజన్ ఆఖరి రోజు వుల్వ్స్ టీం మీద 3-2తో గెలిచి బయటపడ్డారు. వేసవిలో అకాడమీ నుంచి వచ్చిన కుర్రాడు ఫిల్ జోన్స్‌ని యునైటెడ్‌కి అమ్మారు. తర్వాతి సీజన్లో ఓనర్ల కంపెనీ చికెన్ ప్రకటన ఒకటి వచ్చింది, ఆటగాళ్ళు మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూంలో చికెన్ తింటూ ఉంటారు. వ్యాపారం చేసేవాళ్ళకి ప్రకటన మామూలే, నేను కాదనను, కానీ టీం వరసగా ఓడిపోతున్నప్పుడు ఆ ప్రకటన చూసిన మనిషి ఏమనుకుంటాడు? మా క్లబ్ వీళ్ళకి క్లబ్ కాదు, హోర్డింగ్ అనుకుంటాడు. నిరసనలు మొదలయ్యాయి, ప్రతి హోమ్ మ్యాచ్‌కీ కీన్ దిగిపోవాలని బ్యానర్లు. కీన్ మీద అరిచిన అరుపులు కొన్ని నేను విన్నాను, చాలా దారుణంగా ఉండేవి, అది తప్పు. నాకు ఆ మనిషి మీద కోపం లేదు, ఈత రానివాణ్ణి చెరువులోకి తోసి ఈదలేదని తిడితే ఎలా, తోసింది ఎవరు?

2012 మే 7. సోమవారం, కుండపోత వాన. విగన్ టీంతో హోమ్ మ్యాచ్, ఓడిపోతే కిందకి. నేను మా పక్కింటాయనతో కలిసి వెళ్ళాను. మ్యాచ్ మొదట్లోనే ఎవరో ఒక కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు, దాని ఒంటికి క్లబ్ జెండా రంగు గుడ్డ కట్టారు, ఆ కోడి వానలో తడుస్తూ గడ్డిలో అటూ ఇటూ పరిగెడుతోంది, ప్రపంచమంతా టీవీల్లో చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మా ఇంట్లో, మా బాబాయి ఇంట్లో అన్నం పెట్టిన జీవి అది, అక్కడ అది మా మీద, అంటే మనవాళ్ళ మీద వేసిన నింద అయిపోయింది. పక్కన చూస్తే పెద్దాయన కూడా నవ్వట్లేదు. ఆఖర్లో విగన్ గోల్ కొట్టింది, 0-1, పదకొండేళ్ళ తర్వాత క్లబ్ కింద లీగ్‌కి పడిపోయింది. ఆయన వాన నీళ్ళు తుడుచుకుంటున్నాడో కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడో నేను అడగలేదు.

ఇక్కడ ఒక మాట, కింద లీగ్‌కి పడటం అంటే ఏంటో మనకి అంతగా తెలియదు, మన ఇండియన్ సూపర్ లీగ్, ఐఎస్‌ఎల్‌లో అది లేదు కదా ఇన్నాళ్ళూ. అక్కడ టీవీ డబ్బే ప్రాణం. ప్రీమియర్ లీగ్ నుంచి పడితే ఆ డబ్బులో పెద్ద ముక్క పోతుంది, కొన్నేళ్ళు ప్యారాచూట్ పేమెంట్ అని కొంత ఇస్తారు, అది కూడా ఏటేటా తగ్గుతుంది, ఈలోగా పైకి రాకపోతే ఆటగాళ్ళని అమ్ముకోవాలి, ఆఫీసులో మనుషుల్ని తీసేయాలి, మ్యాచ్ రోజు తినుబండారాలు అమ్మే షాపు మూతపడుతుంది. ఊరి మీద పడుతుంది ఆ దెబ్బ.

ఆ తర్వాతి సీజన్ మాట వింటే మీరు నమ్మరు. సెప్టెంబర్‌లో కీన్ రాజీనామా చేశాడు. హెన్నింగ్ బెర్గ్ వచ్చాడు, 1995లో టైటిల్ గెలిచిన టీంలో ఆడిన మనిషి, ఆయన్ని 57 రోజులకి తీసేశారు. ఆయన తర్వాత మైకేల్ ఆపిల్టన్ వచ్చాడు, ఆయన్ని 67 రోజులకి. బెర్గ్ మిగిలిన కాంట్రాక్ట్ డబ్బు కోసం కోర్టుకెళ్ళాడు, దాదాపు 22.5 లక్షల పౌండ్లు. క్లబ్ తరఫున ఏం వాదించారో తెలుసా, ఆ కాంట్రాక్ట్ ఇచ్చే అధికారం మా మేనేజింగ్ డైరెక్టర్‌కి లేదు, ఓనర్లు ఒప్పుకోలేదు అని. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, బెర్గ్ గెలిచాడు. గెలుపోటములు పక్కన పెట్టండి, ఆ వాదన ఒక్కసారి ఆలోచించండి. ఒక క్లబ్ తన మేనేజర్‌ని ఎవరు నియమించారో కోర్టులో తేల్చుకోవాల్సి వచ్చింది! పుణెలో ఒకరు, ఊళ్ళో ఒకరు, మధ్యలో సలహాదారులు, ఏజెంట్లు, ఎవరి సంతకం చెల్లుతుందో లోపలివాళ్ళకే తెలియదు. పగ్గాలు నేరుగా ఓనర్ చేతిలోకి తీసుకోవడం అంటే అందరూ అనుకునేది ఒక్క మనిషి గట్టిగా నడుపుతాడని, ఇక్కడ జరిగింది పూర్తిగా వేరు, నిర్ణయం నాలుగున్నర వేల మైళ్ళ దూరంలో ఆగిపోయేది, అడగాలంటే విమానం ఎక్కాలి.

2017లో ఇంకో మెట్టు కిందకి, మూడో స్థాయికి. ఆఖరి మ్యాచ్ బ్రెంట్‌ఫర్డ్‌లో 3-1తో గెలిచి కూడా గోల్ తేడాతో పడిపోయారు. ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన క్లబ్ మూడో స్థాయికి పడటం అదే మొదటిసారి. నేను అప్పటికి ఇక్కడికి వచ్చేశాను, అర్ధరాత్రి స్కోరు చూసి నిద్రపట్టలేదు.

వెనకాల ఒక తమ్ముడు చెయ్యెత్తాడు... ఏంటమ్మా? ఆఁ, మంచి ప్రశ్న. మరి వాళ్ళు డబ్బు పెట్టలేదా, దోచుకున్నారా అని అడుగుతున్నాడు. లేదు తమ్ముడూ, పెట్టారు. చాలా పెట్టారు, ఇన్నేళ్ళల్లో 20 కోట్ల పౌండ్లకి పైనే పోసుంటారు, కొన్న రేటుకి ఎన్నో రెట్లు. ఇది చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టు. కోవిడ్ టైంలో పక్క ఊళ్ళ క్లబ్బులు జీతాలకి తన్నుకుంటుంటే ఇక్కడ బిల్లులు కట్టారు, అకాడమీని అక్కడి లెక్కలో ఒకటో కేటగిరీలో నిలబెట్టారు, అందులోంచే ఆడమ్ వార్టన్ వచ్చాడు, ఆ ఊళ్ళో పుట్టిన పిల్లాడు, 2024లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్‌కి వెళ్ళి ఆ వేసవిలోనే యూరో కప్‌కి వెళ్ళిన ఇంగ్లండ్ జట్టులో ఉన్నాడు. 2018లో మేనేజర్ టోనీ మోబ్రే కింద మళ్ళీ రెండో స్థాయికి వచ్చారు, మోబ్రేకి అయిదేళ్ళు టైం ఇచ్చారు, ఆయన చేతికి పని వదిలేశారు, ఆ అయిదేళ్ళే క్లబ్ కాస్త ఊపిరి పీల్చుకుంది. చూడండి, పగ్గం వదిలినప్పుడే బండి సాఫీగా నడిచింది.

అందుకే అంటున్నా, డబ్బు రాదేమో అని భయపడ్డవాళ్ళు పొరబడ్డారు, ఎవర్ని అడుగుతారు అని భయపడ్డవాళ్ళు పొరబడలేదు. తర్వాత ఆ డబ్బుకి కూడా చిక్కొచ్చింది, మన దగ్గర ఈడీ దర్యాప్తు వల్ల 2023 నుంచి ఇంగ్లండ్‌కి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది, పంపే డబ్బుకి సమానంగా ఇక్కడ బ్యాంక్ గ్యారంటీ పెట్టమన్నారు. లాంకషైర్‌లో ఒక డిఫెండర్‌ని కొనాలా వద్దా అన్నది ఢిల్లీలో వాయిదా మీద ఆధారపడింది. ఒక్క జేబు మీద బతికే క్లబ్ పరిస్థితి అది. 2025లో ఆడవాళ్ళ టీంని రెండో స్థాయి లీగ్ నుంచి తప్పించేశారు, ఖర్చు పెట్టలేమని, ఆ అమ్మాయిలకి ముందు చెప్పినవాళ్ళు లేరని అభిమానులు మండిపడ్డారు. మగవాళ్ళ టీం అదే సీజన్లో ఏడో స్థానంలో ఆగిపోయింది, మధ్యలో మేనేజర్ యూస్టస్ తనే వదిలి డార్బీకి వెళ్ళిపోయాడు, అది కూడా తమకంటే కింద ఉన్న క్లబ్‌కి. బాగా ఆడిస్తున్న మనిషి ఎందుకు వెళ్ళిపోతాడో మీరే ఆలోచించండి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆ నిరసనల్లో కొన్ని గొంతులు మన రంగు మీద, మన దేశం మీద పడ్డాయి. బస్ స్టాప్‌లో నన్ను చూసి మీ దేశానికి మా క్లబ్ పట్టుకుపో అన్నాడొకడు. చాలా రోజులు నేను ఆ ఒక్క మాట పట్టుకుని మొత్తం నిరసనే అలాంటిదని కొట్టిపారేశాను, ఇండియాలో ఫ్రెండ్స్‌కి కూడా అదే చెప్పాను, మనవాళ్ళంటే పడదు వాళ్ళకి అని. తప్పు చేశాను. ఎందుకంటే ఆ స్టాండ్స్‌లో నిలబడి అరిచినవాళ్ళలో మన గుజరాతీ ముస్లిం కుటుంబాల పిల్లలు ఉన్నారు, బ్లాక్‌బర్న్‌లో మన మూలాలున్నవాళ్ళు చాలా ఎక్కువ, వాళ్ళకీ అదే కోపం, అదే ప్రశ్న. ఎక్కడో ఒక వెధవ అన్న మాట అడ్డం పెట్టుకుని ఊరి ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టకూడదు.

అయితే ఓనర్ నేరుగా నడపడమే తప్పా అంటే, కాదు. జాక్ వాకర్ కూడా నేరుగానే నడిపాడు కదా. బ్రైటన్‌లో టోనీ బ్లూమ్, బ్రెంట్‌ఫర్డ్‌లో మాథ్యూ బెన్‌హమ్, ఇద్దరూ చిన్నప్పట్నుంచి ఆ క్లబ్బుల అభిమానులే, ఇద్దరూ లెక్కల మనుషులు, ప్రతి పెద్ద నిర్ణయంలో వాళ్ళ చెయ్యి ఉంటుంది. తేడా ఎక్కడంటే వాళ్ళు ముందు ఒక పద్ధతి పెట్టారు, ఆ పద్ధతికి తమకంటే బాగా తెలిసినవాళ్ళని పెట్టారు, మేనేజర్ వెళ్ళిపోయినా పద్ధతి మిగులుతుంది.

ఇక్కడ యునైటెడ్ ఫ్యాన్స్ ఎంతమంది? అబ్బో, సగం హాలు. మీకు నేను చెప్పేదేముంది. ఓనర్లు గ్లేజర్ల అప్పుల మీద విసిగిపోయి ఉన్న మనం, 2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ అనే వ్యాపారి నాలుగో వంతు పైచిలుకు వాటాతో వచ్చి ఫుట్‌బాల్ వ్యవహారాలు తన చేతిలోకి తీసుకుంటే పండగ చేసుకున్నాం, నేనూ సంతోషపడ్డాను, మాంచెస్టర్ వాడు, చిన్నప్పట్నుంచి యునైటెడ్ అభిమాని అని. తర్వాత మేనేజర్ టెన్ హాగ్‌కి వేసవిలో కాంట్రాక్ట్ పొడిగించి అక్టోబర్‌లో తీసేశారు, ఏరికోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్ అయిదు నెలలకే వెళ్ళిపోయాడు, ఆఫీసులో వందల ఉద్యోగాలు పోయాయి, సీజన్ మధ్యలో మిగిలిన టికెట్లని 66 పౌండ్లు చేసి పిల్లలకీ ముసలివాళ్ళకీ తగ్గింపు లేకుండా చేశారు, ఆ సీజన్ 15వ స్థానంలో ముగిసింది. ఊరివాడే, అభిమానే, డబ్బుందీ, అయినా పెద్దాయన ప్రశ్న అక్కడా వర్తిస్తుంది, ఆష్‌వర్త్ లాంటివాడు అయిదు నెలలకే వెళ్ళిపోతే ఇంక ఎవర్ని అడుగుతారు?

మరి అక్కడ దీనికి ఏం చేశారు? బ్లాక్‌బర్న్‌కి ముప్పావుగంట దూరంలో బరీ అనే ఊరు. అక్కడి క్లబ్‌ని 2018 డిసెంబర్‌లో ఒకాయన ఒక్క పౌండుకి కొన్నాడు, 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి గెంటేశారు, 1894 నుంచి ఆ లీగ్‌లో ఆడుతున్న క్లబ్ తొమ్మిది నెలల్లో రోడ్డున పడింది. అభిమానులు స్టేడియం శుభ్రం చెయ్యడానికి చీపుళ్ళు పట్టుకుని వెళ్ళారు, మ్యాచ్ ఉంటుందేమో అని. ఆ దెబ్బ, 2021లో పెద్ద క్లబ్బులు కొన్ని సూపర్ లీగ్ అని విడిగా పెట్టుకోబోయిన గొడవ, ఇవన్నీ కలిసి చివరికి 2025లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం స్వతంత్ర రెగ్యులేటర్ ఉంటాడు, క్లబ్‌కి లైసెన్స్ కావాలి, ఓనర్ డబ్బు ఎక్కడిదో చూస్తారు, గ్రౌండ్ అమ్మాలన్నా ఊరు మార్చాలన్నా అనుమతి కావాలి, బ్యాడ్జ్, జెర్సీ రంగు మార్చాలంటే అభిమానుల్ని అడగాలి. జర్మనీలో ఇంకా ముందే, సభ్యుల చేతిలో సగం పైన ఒక ఓటు ఉండాలనే రూల్ పెట్టుకున్నారు. ఈ చట్టంతో అంతా బాగుపడుతుందని నేను చెప్పను, తెలివితక్కువ నిర్ణయాన్ని ఏ చట్టమూ ఆపలేదు. కానీ అడగడం అనేది ఓనర్ దయ కాకుండా బాధ్యత అయింది.

మన దగ్గర ఏముంది? 2019లో క్లబ్ పుట్టింది, 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచాం, మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, ఆ రాత్రి మనలో ఎవరు నిద్రపోయారు! ఏడాదిన్నర తిరిగేసరికి ఆటగాళ్ళకి జీతాలు రావట్లేదని వార్తలు, ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు, పట్టికలో అట్టడుగుకి చేరాం. 2024లో కొత్త యాజమాన్యం వచ్చినప్పుడు మనలో కొందరు సందేహపడ్డారు, మిగతావాళ్ళం ఏమన్నాం? జీతాలిస్తున్నారు చాలు, నోరు మూసుకోండి అన్నాం. నేను బ్లాక్‌బర్న్‌లో గేటు దగ్గర పెద్దాయనకి చెప్పిన జవాబే అది, మళ్ళీ ఇంకోసారి. మన ఊరి కోచ్ రహీమ్ సాబ్ తయారుచేసిన ఆటగాళ్ళతో 1956 ఒలింపిక్స్‌లో దేశం నాలుగో స్థానం తెచ్చుకున్న ఊరు ఇది, హైదరాబాద్ పోలీస్ టీం 1950 నుంచి వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ అనే టోర్నీ గెలిచింది, అలాంటి ఊరి క్లబ్ ఒక ప్రకటనతో వెళ్ళిపోయింది.

రేపు ఇంకో క్లబ్ వస్తుంది, ఏదో లీగ్‌లో, ఎవరో ఒకరు కొంటారు. ఆ రోజు మనం మొదటి ప్రెస్ మీట్‌లోనే అడగాలి, కోచ్‌ని ఎవరు ఎంచుకుంటారు, ఆ ఎంచుకునేవాడు అంతకుముందు ఏం చేశాడు, బోర్డులో అభిమానుల తరఫున ఒక కుర్చీ ఇస్తారా, ఊరు మార్చాలంటే మాకు ఎంత ముందు చెప్తారు, ఇది కాగితం మీద పెడతారా అని. మర్యాదగా అడగొచ్చు, అండీ అనే అడగొచ్చు, కానీ కండువా కొనడానికి ముందే అడగాలి.

మన క్లబ్ వెళ్ళిపోయిన వారం నేను బ్లాక్‌బర్న్ పెద్దాయనకి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి, మోకాళ్ళు పనిచెయ్యట్లేదు, సీజన్ టికెట్ కొనడం మానేశాడు, మానేసింది మోకాళ్ళ కారణంగా కాదు అని తనే చెప్పాడు. విషయమంతా విని, మిమ్మల్ని ఎవరైనా అడిగారా అన్నాడు. లేదండి అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మరి ఇప్పుడు శనివారాలు మీరంతా ఎక్కడ కలుస్తున్నారు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ హాలు బుక్ చేద్దాం అని మనవాళ్ళకి నేను ఫోన్ చేసింది ఆ మర్నాడే.

సరే, మైక్ అటు ఇస్తున్నాను. ఇందాక చెయ్యెత్తిన తమ్ముడు, నువ్వే మొదలుపెట్టు.